పాత ప్లగ్గు చూపించరేం?

పాత ప్లగ్గులు ఏవని అడిగితే రిపేరు షాపు కౌంటరు దగ్గరి మనిషి నన్ను ఎగాదిగా చూశాడు. పారేశారట! నా చేతికి వచ్చింది బిల్లు ఒక్కటే. నాలుగు ఇరిడియం ప్లగ్గులు, మూడో సిలిండరుకు కొత్త కాయిల్, కూలి, పన్ను కలిపి ఐదొందల డాలర్లు దాటింది. ఇది వేసవి మాట. ఇప్పుడు సిగ్నల్ దగ్గర ఆగితే బండి మళ్ళీ వణుకుతోంది, చెక్ ఇంజిన్ లైటు మళ్ళీ వెలిగింది, నా కోపమూ మళ్ళీ మొదటికొచ్చింది. రెండు లక్షల మైళ్ళు దాటిన క్యామ్రీ నాది. దాని కడుపులోంచి తీసిన వస్తువును నాకు ఒక్కసారైనా చూపించకుండా చెత్తలో పడెయ్యమని వీళ్ళకెవరు చెప్పారు?

ఇంజిన్ విప్పకుండానే లోపలి సంగతి చెప్పగలిగేది ప్లగ్గే. పలకల ఊరు మార్కాపురం పక్కన పుట్టినవాణ్ణి కాబట్టి ఇలాగే చెప్పగలను: అది ఇంజిన్ రాసుకునే పలక. మొన లేత గోధుమ రంగులోనో బూడిద రంగులోనో ఉంటే అంతా బాగున్నట్టు. పొడి మసి పడితే పెట్రోలు ఎక్కువ, గాలి తక్కువ. నల్లగా జిడ్డుగా తడిస్తే రింగుల్లోంచో వాల్వు సీళ్ళలోంచో ఆయిలు దిగుతున్నట్టు. తెల్లగా పాలిపోయి బొబ్బలెక్కితే లోపల వేడి మితిమీరినట్టు. ఇంత రాత ఉన్నదాన్ని చదవకుండా, బండిగలవాణ్ణి చదవనివ్వకుండా పారేస్తారా?

మా పెద్దారవీడులో బండికి ఏ జబ్బు చేసినా మార్కాపురమే దిక్కు. నాయన చేతక్ స్కూటరు పొద్దున్నే మొరాయిస్తే ముందు పక్కకు వంచి చూసేవాడు. అప్పటికీ కదలకపోతే ఎవరిదో ట్రాక్టరులో ఎక్కించి తీసుకుపోయేవాళ్ళం. మేస్త్రి చేసే మొదటి పని ప్లగ్గు విప్పడం. విప్పగానే తుడిచేవాడు కాదు, ఉన్నదున్నట్టు నాయన అరచేతిలో పెట్టేవాడు. "సూడన్నా, తడి మసి. బంకులో పెట్రోల్లోకి ఆయిలు ఎక్కువ పోయిస్తుండావు" అనేవాడు. ఇంకోసారి పొడి మసి చూసి ఎయిర్ ఫిల్టరు మూసుకుపోయిందన్నాడు. తీసి దులిపితే నిజంగానే మట్టి రాలింది. ఆ తర్వాతే ఉప్పుకాగితంతో గీకడం, ఆక్సా బ్లేడు ముక్క దూర్చి గ్యాపు సరిచెయ్యడం. చివరికి ప్లగ్గును ఇంజిన్ మీద ఆనించి నన్ను కిక్కు కొట్టమనేవాడు. సందులో నీలం రవ్వ టక్కున దూకితే ఆ ప్లగ్గుకు ఇంకా ఆయుష్షు ఉన్నట్టు. ఎర్రగా నీరసంగా వస్తే కొత్త మైకో ప్లగ్గు కొనాల్సిందే. ఆ బెంగళూరు కంపెనీ 2008లో బాష్‌గా పేరు మార్చుకున్నా నా నోట మైకో అనే వస్తుంది. తీసిన ప్లగ్గు కూడా మా ఇంటికే వచ్చేది, అటక మీద డబ్బాలోకి.

ఇక్కడి ప్లగ్గులకు ఆ వైద్యం కుదరదన్నది నిజమే. చేతక్ ప్లగ్గును ఊరికే గీకుతూ ఉండాల్సి వచ్చేది. ఇరిడియం ప్లగ్గు చాలా బండ్లలో లక్ష మైళ్ళు, అంటే లక్షా అరవై వేల కిలోమీటర్లు నడుస్తుంది. నికెల్ 1,455 డిగ్రీల దగ్గర కరిగిపోతే ఇరిడియం 2,446 దాకా తట్టుకుంటుంది. అందుకే మొనను మిల్లీమీటరు కన్నా సన్నంగా చెయ్యగలిగారు. దానికి ఉప్పుకాగితం తగిలిస్తే పుటుక్కున విరుగుతుంది. ఈ పనితనానికి దండం పెట్టాలి. డిపాజిట్ కట్టించుకుని టార్క్ పానా అరువిచ్చి, వెనక్కి ఇవ్వగానే డబ్బంతా తిరిగిచ్చే విడిభాగాల కొట్లనూ మెచ్చుకోవాలి. అయినా ఒక మాట. ఒకప్పటి ప్లగ్గుల్లో, ముఖ్యంగా విమానాల ఇంజిన్లలో, కరెంటు పక్కకు పోకుండా అభ్రకం పొరలు పెట్టేవాళ్ళు. ఆ అభ్రకం గనులు మా పక్క నెల్లూరు సీమలో, గూడూరు చుట్టూ ఉన్నాయి. ఈ విద్యకు మనం మరీ పరాయివాళ్ళం కాదు.

లక్ష మైళ్ళు వస్తుందంటే అరగదని కాదు. గిద్దలూరు మిత్రుడి కరోలాకు లక్షన్నర మైళ్ళ తర్వాత విప్పి చూస్తే, 1.1 మిల్లీమీటరు ఉండాల్సిన సందులో 1.4 గేజి అడ్డు లేకుండా దూరింది. పైకొమ్ము అంచులు అరిగి గుండ్రమయ్యాయి. సందు పెరిగేకొద్దీ రవ్వ దూకడానికి ఎక్కువ వోల్టేజి కావాలి. ఆ భారమంతా మోసీ మోసీ కాయిల్ పోతుంది. ఆ నాలుగు ప్లగ్గులకూ సిలిండరు నంబర్లు రాసి అతని చేతిలోనే పెట్టాను.

ఇలా పాత భాగాలు చేతికివ్వడానికి మా కాలిఫోర్నియాలో 1971 నాటి ఆటోమోటివ్ రిపేర్ చట్టం ఉంది. బండి ఒప్పజెప్పేటప్పుడే పాత భాగాలు కావాలని అడిగితే వాళ్ళు తిరిగి ఇచ్చి తీరాలి. మంచి చట్టమే. కానీ ముందే అడగాలట! నా బండిలోంచి తీసింది నాకు చూపించమని నేను అర్జీ పెట్టుకోవాలా? మార్కాపురం మేస్త్రికి ఏ చట్టం చెప్పింది?

మొన్న శనివారం నేనే దిగాను. ఇంజిన్ పూర్తిగా చల్లారేదాకా ఆగాను, వేడి మీద తిప్పితే అల్యూమినియం హెడ్డులో మరలు పోతాయి. గుంటల్లో దుమ్ము ఊది, ప్లగ్గులు ఒక్కొక్కటే విప్పి పేపరు మీద వరసగా పేర్చాను. ఒకటి, రెండు, నాలుగు చక్కటి లేత గోధుమ రంగు. మూడో కాయిల్ పైకి లాగుతుంటేనే రబ్బరు తొడుగు నుంచి ఆయిలు బొట్లుబొట్లుగా కారింది. ప్లగ్గు తిప్పి చూస్తే పైన పింగాణీ చుట్టూ నల్లటి ఆయిలు ఉంది, కింద మొనకు మాత్రం అంటలేదు. అంటే రింగులు భద్రం. ప్లగ్గు గొట్టం చుట్టూ ఉండే సీలు పోయి, ట్యాపెట్ కవరు కిందినుంచి ఆయిలు గుంటలోకి దిగి కాయిల్‌ను నానబెడుతోంది. వేసవిలో పోయిన కాయిల్ కూడా ఈ మూడోదే. అప్పటి ప్లగ్గు కూడా ఇలాగే తడిసి ఉంటుందని నా నమ్మకం. దాన్ని నా చేతిలో పెట్టి ఉంటే జబ్బు అప్పుడే తెలిసేది, కొత్త కాయిల్ ఆయిల్లో మునిగేది కాదు.

ట్యాపెట్ కవరు ప్యాకింగు సెట్టుకు ఆర్డరు పెట్టాను. గురువారం వస్తుందన్నారు. పని నేనే చేసుకుంటాను, ఆ పాత సీలు ఎక్కడ గట్టిపడిందో, ఎక్కడ పగిలిందో నా కళ్ళతో నేను చూడాలి.