గాలి మళ్లే నెలలో మొంబాసా

ఏప్రిల్‌లో మొంబాసా వెళ్తానంటే ట్రావెల్ ఏజెంటు వద్దన్నాడు, జూలై దాకా ఆగమన్నాడు. కెన్యా తీరానికి అది పెద్ద వానల కాలం. స్వాహిలీలో మసిక అంటారు. దక్షిణాన డియానీ బీచ్‌లో కొన్ని హోటళ్లు ఈ రోజుల్లోనే మూసి మరమ్మతులు చేయించుకుంటాయి. నేను మాత్రం ఆ నెల కోసమే వెళ్లాను. గాలిని నమ్ముకుని పెరిగిన ఊరది. ఆ గాలి దిక్కు మారేది ఏప్రిల్‌లోనే.

నవంబరు చివరి నుంచి మార్చి దాకా ఇక్కడ ఈశాన్యం నుంచి కస్కాజీ వీస్తుంది. కచ్, ఒమన్ రేవుల నుంచి తెరచాప ఓడలు బట్టలూ ఖర్జూరాలూ వేసుకుని ఆ గాలితో వచ్చేవి. దక్షిణం నుంచి కుసి అందుకోగానే ఏనుగు దంతాలు, మడచెట్ల దూలాలు నింపుకుని తిరుగుముఖం పట్టేవి. మధ్యలో గాలి మళ్లేదాకా ఒడ్డునే పడి ఉండాలి. అలా ఉన్నవాళ్లలో కొందరు ఇక్కడే ఇళ్లు కట్టుకున్నారు, స్వాహిలీ కుటుంబాలతో వియ్యమందారు.

వాన తెల్లవారుజామున దంచి కొడుతుంది. పొద్దెక్కేసరికి వెలిసి ఎండ కాస్తుంది, ఇక ఉక్కపోత మొదలు. పాత పట్నంలో న్డియా కూ వీధి వెంట నడుస్తుంటే మళ్లీ జల్లు అందుకుంది. నగిషీ తలుపున్న ఓ పాత ఇంటి చెక్క బాల్కనీ కిందికి చేరాను. బడిపిల్లలు సర్దుకుని నాకు చోటిచ్చారు. కాఫీ అమ్మే పెద్దాయన అప్పటికే అక్కడ ఉన్నాడు. పొడవాటి ఇత్తడి కొమ్ముచెంబు, దాని అడుక్కే బిగించిన బొగ్గుల కుంపటి. అల్లం ఘాటున్న నల్లకాఫీ పిడికెడంత పింగాణీ కప్పులో పోసిచ్చాడు. అందులో చక్కెర ఉండదు. కొరుక్కోవడానికి కషాటా అనే వేరుశనగ పాకం ముక్క చేతిలో పెట్టాడు. కప్పు ఖాళీ అయిన ప్రతిసారీ అడక్కుండానే నింపాడు. బయట వీధంతా కాలవై పారుతున్నా ఆ నాలుగడుగుల చోటులో ఎవరికీ తొందర లేదు.

పొద్దుటి తిండి సంగతి చెప్పి తీరాలి. మహమ్రి, మ్బాజీ. మహమ్రి అంటే కొబ్బరిపాలు, యాలకులు వేసి కలిపిన పిండిని పులియబెట్టి నూనెలో పొంగించేది. మ్బాజీ మన కందులే. మనం కందిని బద్దలు చేసి పప్పు వండుకుంటాం. వీళ్లు గింజ పళంగా ఉడికించి, చిక్కటి కొబ్బరిపాలు పోసి, మెత్తగా దగ్గరపడనిస్తారు. పుట్టిన దగ్గర్నుంచీ తింటున్న గింజలో ఇంత తియ్యదనం ఉందని నాకు మొంబాసాలోనే తెలిసింది.

ఫోర్ట్ జీసస్‌ను పోర్చుగీసువాళ్లు 1593లో మొదలుపెట్టారు. వానకు తడిసి దాని పగడపురాతి గోడలు నల్లబడి ఉన్నాయి. 1696లో ఒమన్ సేన చుట్టుముడితే, 1698 డిసెంబరు దాకా పడని కోట ఇది. లోపల ఆకలి, అంటురోగం. పోర్చుగీసు సైనికులతో పాటు వాళ్లను నమ్మి లోపలికొచ్చిన స్వాహిలీ కుటుంబాలూ చచ్చిపోయాయి. ఆదుకోవడానికి గోవా నుంచి వచ్చిన శాంటో అంటోనియో డి తన్నా అనే ఓడ 1697లో కోట ముందే మునిగింది. మన వసాయిలో కట్టిన ఓడ అది. 1977 నుంచి పురావస్తువాళ్లు దాన్ని నీటి అడుగున తవ్వారు. అందులో దొరికిన వస్తువులు మ్యూజియంలో ఉన్నాయి. కోట గోడ మీద సైనికులు బొగ్గుతో గీసిన ఓడల బొమ్మలున్నాయి. తెరచాపలు, తాళ్లు కూడా వదలకుండా గీశారు. ఫిరంగుల కంటే ఆ గీతల దగ్గరే నేను ఎక్కువసేపు నిలబడ్డాను.

వాస్కో డ గామా మొంబాసా ముందు లంగరు వేసింది కూడా ఏప్రిల్‌లోనే, 1498 ఏప్రిల్ 7న. ఇక్కడ పొసగలేదు. ఉత్తరాన మలిందీకి వెళ్తే అక్కడి రాజు దారి తెలిసిన నావికుణ్ణి ఇచ్చాడు. ఏప్రిల్ 24న బయల్దేరి మే 20కల్లా కాలికట్ చేరాడు. తిరిగి వచ్చేటప్పుడు గాలి కోసం ఆగలేదు. అక్టోబరు మొదట్లో బయల్దేరితే ఆఫ్రికా తీరం కనబడేసరికి జనవరి వచ్చింది. ఆ మూడు నెలల్లో స్కర్వీ రోగంతో మనుషులు రాలిపోయారు. ఈ తీరంలో ప్రతి సరంగుకూ తెలిసిన గాలి లెక్కను లక్ష్యపెట్టనందుకు అంత మూల్యం. మన బడి పుస్తకాల్లో మాత్రం ఆ ప్రయాణంలో గామా ఒక్కడే కనిపిస్తాడు, దారి చూపినవాళ్లు కనిపించరు.

సాయంత్రం మామా న్గినా డ్రైవ్‌కు వెళ్లాను. కిలిందినీ రేవుకు వెళ్లే కంటైనర్ ఓడలు ఒడ్డుకు ఇంత దగ్గరగా సాగిపోతాయి. వరసగా బావొబాబ్ చెట్లు, వానలకు నిండా చిగిర్చి ఉన్నాయి. గోల్కొండ నయా ఖిలాలోని హథియాన్ కా ఝాడ్ ఈ జాతిదే. కర్రపెండలం వేపుడు మీద కారం చల్లి నిమ్మకాయ పిండుతున్నారు. కుసి మొహానికి కొడుతోంది. ఈ గాలే ముదిరి, భూమధ్యరేఖ దాటి, అరేబియా సముద్రం మీదుగా తిరిగి మనకు నైరుతి రుతుపవనమవుతుంది.

అప్పుడే అనంతపురం నుంచి అన్నయ్య ఫోన్. ఎండకు బయట అడుగు పెట్టలేకపోతున్నామన్నాడు. ఇక్కడ గాలి దక్షిణానికి మళ్లిందని చెప్పాను. "జూన్ మొదట్లో కేరళ తాకితే మనకెప్పటికొస్తాదో చూడాల" అని, వెంటనే విత్తనకాయల ధర ఎత్తుకున్నాడు.