ఇంటి మనిషి

కఠినమైన మాటలన్నీ కావ్యాలలోనే ఉంటాయని చాలామంది అనుకొంటారు. అనువాదకునికి అంతకంటె కఠినమైనవి కచేరీ కాగితాలలో తగులుతాయి. కావ్యంలోని పదానికి నిఘంటువు దారి చూపుతుంది. వ్యాఖ్యాత చేయి పట్టి నడిపిస్తాడు. కాగితంలోని పదానికి అర్థం సులభంగానే దొరుకుతుంది గాని, దానిని ఒక మనిషి ముఖం చూచి పలుకవలసి వచ్చినప్పుడు నోరు రాదు. అమెరికా ఆదాయపు పన్ను పత్రంలో ఉన్న 'డిపెండెంట్' అనే మాట అటువంటిది. తెలుగులో దానిని ఆశ్రితుడు అంటాము. హిందీలో ఆశ్రిత్ అంటారు. సంస్కృతం నుండి వచ్చిన ఒకే మాట రెండు భాషలలోను నిలిచి ఉన్నది. రెండింటిలోను అది వినేవాని తలను కొంచెం వంచుతుంది.

ఎం.ఏ.లో నాతోపాటు చదివిన మిత్రుడొకడు చాలాకాలంగా న్యూజెర్సీలో ఉంటున్నాడు. భార్య గతించినది, సంతానం లేదు. అదే వీధిలో అద్దెకుండిన కాన్పూరు పెద్దమనిషి ఒకరు, తన భార్య పోయిన తరువాత అద్దె భరించలేక, 2023 మార్చిలో ఇతని ఇంటికి వచ్చి చేరినారు. ఆయన చాలాకాలం క్రిందనే ఆ దేశంలో శాశ్వత నివాసం పొందినవారు. ఇతడు ఆయనను చాచాజీ అంటాడు. ఆయన ఇతనిని బేటా అంటారు. అంతకుమించి వారి మధ్య చుట్టరికం లేదు. ఉదయం ఆయన రొట్టెలు చేస్తారు. రాత్రి ఇతడు అన్నము, చారు వండుతాడు.

2025లో మిత్రుడు అంతకు ముందటి సంవత్సరపు పన్ను పత్రం నింపవలసి వచ్చినప్పుడు ఈ పెద్దమనిషి సంగతి పైకి వచ్చినది. ఆ దేశపు చట్టం రక్తసంబంధం లేని వయోజనుని కూడ ఆశ్రితునిగా చూపుటకు ఒప్పుకొంటుంది. 1954 నాటి పన్ను స్మృతిలో ఈ అవకాశం చేరినది. అయితే షరతులున్నవి. అతడు సంవత్సరమంతా ఆ ఇంటిలోనే ఉండవలెను. ఆసుపత్రిలో గడిపిన రోజులు ఇంట ఉన్నట్లే లెక్క. కాని మార్చిలో వచ్చినవాడు ఆ సంవత్సరానికి పనికిరాడు. కనుక 2023 పోయినది, 2024 నిలిచినది. అతని స్థూలాదాయం 2024కు 5,050 డాలర్లకు లోపల ఉండవలెను. అతని పోషణవ్యయంలో సగానికి మించి పన్ను చెల్లించేవాడే భరించి ఉండవలెను. తిండి, బట్ట, మందులతోపాటు అతడున్న గదికి రాదగిన అద్దె కూడ ఈ లెక్కలో చేరుతుంది. పెద్దమనిషికి వచ్చే సోషల్ సెక్యూరిటీ భృతి పన్నుకు లోబడనంత స్వల్పం; కనుక అది ఆదాయంగా లెక్కకు రాదు. కాని దానిలోనుండి తన మందులకు ఎంత ఖర్చు పెట్టుకొంటారో అంతమేరకు తన్ను తాను పోషించుకొన్నట్లే.

ఈ లెక్క తేలవలెనంటే ఆయన భృతి ఎంతో, ఖర్చు ఎంతో అడుగక తప్పదు. ఎందుకని ఆయన అడిగినారు. మిత్రుడు తనకు తెలిసిన హిందీలో, మిమ్మల్ని ఆశ్రిత్‌గా చూపుతున్నానని చెప్పినాడు. ఆయన చేతిలోని పళ్ళెం క్రింద పెట్టి, "మై కిసీకా ఆశ్రిత్ నహీ హూఁ, బేటా" అన్నారు. నేను ఎవరి ఆశ్రితుడనూ కాను అని. మరునాడు, నెలకు 300 డాలర్లు అద్దెగా తీసికొమ్మని, లేకుంటే వేరే చోటు చూచుకొంటానని పట్టుబట్టినారు. ఆ రాత్రి మిత్రుడు ఫోను చేసి, "ఏరా, ఇన్నేళ్ళు హిందీ పుస్తకాలు తెనిగించినావు గదా, ఈ ముసలాయన మనస్సు నొవ్వని మాట ఒకటి చెప్పలేవా?" అన్నాడు.

నేను వానిని చట్టంలోని ఆ ఖండాన్ని చదివి వినిపించమన్నాను. ఆశ్రితుడన్నది ఆ ఖండం మొత్తానికి పెట్టిన పేరు. బంధువు కానివాడు అందులో ప్రవేశించే ద్వారానికి వేరే మాట ఉన్నది: పన్ను చెల్లించేవాని ఇంటినే ముఖ్యనివాసంగా కలిగి, ఆ గృహంలో సభ్యుడై ఉన్నవాడు అని. దీనిని హిందీలో 'ఘర్ కే ఆద్మీ' అనవచ్చును. తెలుగులో ఇంటి మనిషి. మిత్రునికి సందేహం కలిగినది: "ఇది మాట మార్చి మభ్యపెట్టుట కాదా?" కాదన్నాను. సగానికి మించి నీవే భరిస్తున్నావన్న సంగతి కూడ ఆయనకు దాచవద్దు; దానిని మొదటి మాటగా మాత్రం చెప్పవద్దు అన్నాను. మరునాడు వాడు అట్లే చెప్పినాడు. ఆయన కొంతసేపు మౌనంగా ఉండి, లోపలికి వెళ్ళి, భృతి కాగితాలున్న సంచి తెచ్చి బల్లమీద పెట్టినారట. అద్దె మాట మళ్ళీ ఎత్తలేదు.

మిగిలిన చిక్కు మాటతో తీరేది కాదు. భార్య లేక, ఒక మనిషిని పోషిస్తున్న తాను కుటుంబ యజమాని హోదాలో పత్రం దాఖలు చేయవచ్చునని మిత్రుడు తలచినాడు. 1948లో ఆ దేశం దంపతులకు తమ ఆదాయాన్ని చెరిసగంగా పంచి లెక్కించుకొనే సదుపాయం ఇచ్చినది. భార్యయో భర్తయో లేక ఇల్లు నడిపేవారికి కొంత ఊరటగా 1951 చట్టంతో ఈ హోదా వచ్చినది. అయితే కేవలం ఇంటిలో ఉన్నందువలన ఆశ్రితుడైన మనిషి ఎవరికీ ఈ హోదా తెచ్చి ఇవ్వలేడు. ఆ పెద్దమనిషి సొంత పినతండ్రి అయి ఉంటే, ఇంటి ఖర్చులో సగానికి మించి భరించే మిత్రునికి ఆ హోదా దక్కేది. 2024కు అతని ప్రామాణిక తగ్గింపు 21,900 డాలర్లయ్యేది. చాచాజీ అని పిలిచినంత మాత్రాన పినతండ్రి కాడు గనుక 14,600 దగ్గర నిలిచినది. దక్కినది ఇతర ఆశ్రితుల క్రింద పన్నులో 500 డాలర్ల మినహాయింపు.

ఇది విని మనవారు మన సంప్రదాయాన్ని పొగడుకొనవచ్చును. పొగడదగినది ఉన్నమాట నిజమే. దక్షస్మృతి పోష్యవర్గాన్ని చెప్పేచోట తల్లిదండ్రులతో, భార్యాబిడ్డలతోపాటు దీనుని, ఆశ్రితుని, అతిథిని కూడ ఒకే వరుసలో నిలిపినది. మనువు గృహస్థాశ్రమాన్ని శ్రేష్ఠమన్నది అది తక్కిన ఆశ్రమాలవారికి అన్నం పెడుతున్నందువలన. అనగా అన్నం పెట్టుటయే మనిషిని గృహస్థుని చేస్తుంది. కాని మన 1961 నాటి ఆదాయపు పన్ను చట్టం, వికలాంగుడైన ఆశ్రితుని పోషణకు మినహాయింపు ఇచ్చిన 80డిడి ఖండంలో, వ్యక్తికి ఆశ్రితులుగా భార్యాభర్తలను, సంతానాన్ని, తల్లిదండ్రులను, తోబుట్టువులను మాత్రమే పేర్కొన్నది. ఇంట చేరిన పరాయి ముసలివానికి అందులో చోటు లేదు. అమెరికావారు గుమ్మం దాటనిచ్చి, పెద్దపీట వేయలేదు; మనవారు గుమ్మం కూడ తెరవలేదు. మన ప్రభుత్వ వ్రాతలలో ఈ మనిషిని గుర్తించినది జనగణన. ఒకే వంటయింట భుజిస్తూ కలిసి ఉండేవారు బంధువులైనా కాకపోయినా ఒకే గృహమని దాని నిర్వచనం.

పన్ను చట్టం డబ్బును తూచగలదు. అది దాని పని. సగానికి మించి ఎవరు పెట్టినారని అడుగుతుంది, ఉత్తరం వస్తుంది. భార్య పోయిన ఇంటిలో ఉదయం వంటయింట దీపం వెలిగించినవారెవరని అడుగదు. అడిగితే ఆ ఇద్దరిలో ఆశ్రితుడెవరో తేల్చుట ఏ అధికారికైనా కష్టమే. మిత్రుడు పత్రం పంపినాడు. అందులో ఆశ్రితుల పట్టికలో ఒక పేరున్నది; హోదా గడిలో మాత్రం ఒంటరి అని ఉన్నది.