నూనె బిందువు చెప్పిన లెక్క

కంటికి కనిపించని ఎలక్ట్రాన్‌ మీది ఆవేశాన్ని కొలవడం ఎలా? ఇరవయ్యో శతాబ్ది తొలినాళ్లలో చికాగో విశ్వవిద్యాలయ ఆచార్యుడు రాబర్ట్ మిల్లికన్‌ను వెంటాడిన ప్రశ్న ఇది. నీటి బిందువులతో ప్రయత్నిస్తే అవి చూస్తుండగానే ఆవిరైపోయేవి. 1909లో నూనె తుంపరలను ఆశ్రయించారు. పరిశోధక విద్యార్థి హార్వే ఫ్లెచర్ అత్తరు చల్లే సాధనంతో ఆ ఏర్పాటును సిద్ధం చేశారు.

రెండు లోహపు పలకల నడుమ నూనె బిందువును వదిలితే భూమ్యాకర్షణ దానిని కిందికి లాగేది. విద్యుత్ క్షేత్రం పైకి లేపేది. చిన్న దూరదర్శినిలో నక్షత్రంలా మెరిసే ఆ బిందువు పతన వేగాన్ని, ఆరోహణ వేగాన్ని ఓపికగా లెక్కించారు. ప్రతి బిందువు మీది ఆవేశమూ ఒకే కనిష్ఠ విలువకు పూర్ణాంక గుణిజమని తేలింది. ధాన్యానికి గింజ ఉన్నట్లే విద్యుత్తుకూ విడదీయరాని ప్రమాణం ఉన్నదని రుజువైంది.

1910లో ఈ ఫలితం మిల్లికన్ ఒక్కరి పేరుతోనే వెలువడింది. ఆ పత్రం గురువుకు, మరొక పత్రం శిష్యుడికి అన్న గురువుగారి ప్రతిపాదనకు తాను అంగీకరించినట్లు ఫ్లెచర్ రాసుకున్నారు. 1923లో నోబెల్ బహుమతి మిల్లికన్‌ను వరించింది. తన జ్ఞాపకాలను మరణానంతరమే ప్రచురించాలని ఫ్లెచర్ కోరారు. అవి 1982లో వెలుగు చూశాయి.

మిల్లికన్ చెప్పిన విలువలోనూ స్వల్ప దోషం ఉండేది. తరువాతి పరిశోధకులు గాలి స్నిగ్ధతను సరిగా కొలిచి దానిని సవరించారు. అంకెలోని దోషం అలా తొలగింది. శిష్యుని శ్రమ లోకానికి తెలియడానికి మాత్రం డెబ్బై ఏళ్లకు పైగా పట్టింది.