మా తోట కాఫీ మేము తాగిన రోజు



మాది పాడేరు వైపు చిన్న ఊరు. మా ఇంట్లో కాలేజీ గడప తొక్కింది అన్నదమ్ములం మేమిద్దరమే. విశాఖలో హాస్టల్లో ఉంటున్నాం. చేరిన కొత్తలో క్లాసులో ఒకరు అడిగారు, "మీ వైపు కాఫీ పండుతుంది కదా, రుచి ఎలా ఉంటుంది?" అని. "బాగుంటుంది" అనేశాం. అది అబద్ధం.

మాకు ఎకరం తోట ఉంది. సిల్వర్ ఓక్ నీడలో కాఫీ, ఆ చెట్లకే మిరియాల తీగలు. చిన్నప్పటి నుంచీ పండ్లు కోశాం, పల్పర్ తిప్పాం, గింజలు కడిగి ఎండబెట్టాం. కానీ ఇంట్లో తాగేది టీ, లేదంటే చోడి అంబలి. కాఫీ అంటే అమ్ముకునే సరుకు, అంతే. ఒక్క గుక్క కూడా తాగి ఎరగం.

ఆ అబద్ధం మనసులో గుచ్చుకుంది. లైబ్రరీలో కూర్చుని చదివాం. కాఫీ పుట్టిల్లు ఇథియోపియా. అక్కడ కూడా అది అడవి నీడలో పెరిగిన మొక్కే. అక్కడి నుంచి యెమెన్ చేరింది. బాబా బుడన్ అనే ఫకీరు 17వ శతాబ్దంలో ఏడు గింజలు దాచి తెచ్చి చిక్కమగళూరు కొండల్లో నాటాడని చెప్పుకుంటారు. మన ఏజెన్సీకి వస్తే, 1898లో పాములేరు లోయలో బ్రిటిష్ వాళ్ళు మొదట వేశారట. 1960ల్లో అటవీ శాఖ తోటలు పెంచింది. తర్వాత జీసీసీ, ఐటీడీఏల ద్వారా మన ఇళ్ళకు మొక్కలొచ్చాయి. 2019లో అరకు వ్యాలీ అరబికాకు భౌగోళిక గుర్తింపు వచ్చింది. ఇంత చరిత్ర ఉన్న గింజ మా అటక మీద గోనె సంచిలో ఉంది!

సంక్రాంతి సెలవులకు ఇంటికెళ్ళి రెండు గుప్పెళ్ళు తీశాం. రోట్లో మెల్లగా దంచి, చేటలో పొట్టు చెరిగితే పచ్చ గింజలు వచ్చాయి. ఇనప మూకుడులో వేసి మంట పెద్దగా పెట్టాం. పైన మాడిపోయాయి, లోపల పచ్చిగానే ఉన్నాయి. అమ్మ నవ్వి, "చోళ్ళు ఏపినట్టు ఏపండిరా, సన్న సెగ మీద, సెయ్యి ఆపకుండా" అంది.

రెండోసారి అలాగే చేశాం. ముందు పసుపు రంగు, ఎండుగడ్డి వాసన. తర్వాత గోధుమ రంగు తిరిగి టప్ టప్‌మని పేలాయి. లోపలి తేమ ఆవిరై గింజను పగలగొడితే వచ్చే చప్పుడు అది. ఆ పేలుళ్ళు తగ్గగానే దించి చేటలో ఆరబోశాం. మూకుడులోనే వదిలేస్తే ఆ వేడికి ఇంకా మాడతాయి. ఒక రాత్రి ఉంచి, పొద్దున్నే దంచి, మరిగే నీళ్ళల్లో వేసి వడగట్టాం. కొంచెం బెల్లం కలిపాం.

అయ్య ఒక గుక్క తాగి చాలాసేపు మాట్లాడలేదు. తర్వాత, "ఇన్నేళ్ళూ అమ్మింది ఇదేనేటి?" అన్నాడు. ఆ మాటకి మాకు నవ్వొచ్చింది, ఏడుపూ వచ్చింది. రుచి తెలీని సరుకుకి ఎవరు ఎంత చెబితే అంతే ధర అనుకున్నాం ఇన్నాళ్ళూ.

ఈసారి అమ్మ రెండు కిలోలు ఇంటికని పక్కన పెట్టింది. మేము ఒక డబ్బా పొడి హాస్టల్‌కి తెచ్చాం. ఆ ప్రశ్న అడిగిన స్నేహితుడికి మొదటి గ్లాసు ఇచ్చాం.

తోటలున్న తమ్ముళ్ళూ చెల్లెళ్ళూ, ఈ సెలవుల్లో ఒక గుప్పెడు వేయించి చూడండి. ముందు ఆ గ్లాసు అమ్మానాన్నలకే ఇవ్వండి.