రొట్టెల మార్గరెట్

అమెరికాలోని న్యూ ఆర్లీన్స్‌లో 1884లో నిలిపిన పాలరాతి విగ్రహం అది. భుజాన శాలువా, పక్కన ఒక బిడ్డ. కింద ఇంటిపేరు లేదు, మార్గరెట్ అని మాత్రమే చెక్కారు. ఆ ఊరివాళ్లకు అంతకంటే చెప్పనక్కర్లేకపోయింది.

మార్గరెట్ హాగెరీ 1813లో ఐర్లండ్‌లో పుట్టింది. అమెరికాకు వచ్చిన కొన్నేళ్లకే తల్లిదండ్రులు పోయారు. పెళ్లయ్యాక భర్త, పసికూతురు కూడా దక్కలేదు. చదువూ రాదు. బట్టలు ఉతికి కూడబెట్టిన డబ్బుతో రెండు ఆవులు కొని, బండి మీద వీధి వీధికీ పాలు పోసింది. మంద పెరిగి నలభై దాకా అయింది. తర్వాత అప్పుల్లో మునిగిన ఒక బేకరీని చేతిలోకి తీసుకుని, ఆవిరి యంత్రాలతో నడిపి నిలబెట్టింది.

నన్ను ఎక్కువగా కదిలించేది అనాథ పిల్లల కోసం ఆమె ఇచ్చిన సొమ్ము కాదు, తిరిగిన తిరుగుడు. లాభాలు వచ్చాక దానం చేద్దామని ఆమె ఆగలేదు. ఉతికే పనిలో ఉన్న రోజుల నుంచే అనాథాశ్రమంలో చాకిరీ చేసింది, అక్కడి పిల్లల కోసం ఇంటింటికీ వెళ్లి అడిగింది. 1853లో పచ్చజ్వరం ఊరిని ఊడ్చేస్తుంటే రోగుల ఇళ్లకు వెళ్లింది. చనిపోతున్న తల్లులకు, పిల్లల్ని నేను చూసుకుంటానని మాట ఇచ్చేదట. ఎంత బరువైన మాట! దాన్ని నిలబెట్టుకోవడానికే అంత పెద్ద వ్యాపారం చేసిందనిపిస్తుంది నాకు.

1882లో కన్నుమూసింది. సంతకం రాక గుర్తు పెట్టిన వీలునామాలో ఆస్తిని అనాథాశ్రమాలకు రాసింది. తాను కేథలిక్ అయినా, ప్రొటెస్టెంట్ల, యూదుల ఆశ్రమాలనూ మరవలేదు.