పొట్టలో చుట్టాలు

మా వంశంలో బొజ్జ కొత్త కాదు. మా తాతగారికి ఉండేది, నాన్నగారికి ఉండేది, నాకూ వచ్చింది. అయితే మా ముగ్గురికీ అది నలభై దాటి, ఉద్యోగం ఖాయమైన తర్వాత ఒక హోదాలాగా వచ్చింది. మా పెద్దవాడికి ఇరవై నాలుగేళ్లకే వచ్చేసింది. చిక్కంతా అక్కడే.

“మూడో గరిటె దేనికిరా?” అని భోజనాల దగ్గర అనడం నాకు అలవాటైపోయింది. హాస్యమే అనుకున్నాను. ఒకనాడు వాడు మాటాడకుండా కంచం తీసుకుని గదిలోకి వెళ్లిపోయాడు. ఆ తర్వాత ఎనిమిది నెలలు నా సరసన కూర్చుని భోంచెయ్యలేదు. వంటింటికీ ఆ గదికీ మధ్య గిన్నెలు మోస్తూ మా ఆవిడ నావంక చూసిన చూపుల సంగతి ఇక్కడ వ్రాయను.

ఆఖరికి వాణ్ణి డాక్టరుగారి దగ్గరకు తీసుకువెళ్లాను. రక్తంలో చక్కెర అంచుమీద ఉందన్నారు. కాలేయానికి కొవ్వు పట్టిందన్నారు. “వీడు తిండి తగ్గించడండీ” అని ఫిర్యాదు చేశాను. ఆయన నవ్వి, “ఆ పొట్టలో వీడొక్కడే ఉన్నాడనుకుంటున్నారా?” అన్నారు.

మన పెద్దపేగులో లక్షల కోట్ల సూక్ష్మజీవులు కాపురం ఉంటాయట. 2006లో అమెరికాలో, సెయింట్ లూయిస్‌లోని వాషింగ్టన్ విశ్వవిద్యాలయంలో జెఫ్రీ గోర్డన్ బృందంవారు లావుపాటి ఎలుకల పేగుల్లోని ఈ చుట్టాలను, ఒక్క సూక్ష్మజీవి కూడా లేకుండా పెంచిన ఎలుకలకు ఎక్కించారు. మరికొన్నింటికి బక్క ఎలుకలవి ఎక్కించారు. తిన్నదాంట్లో చెప్పుకోదగ్గ తేడా లేదు. అయినా మొదటివాటికే ఎక్కువ కొవ్వు పట్టింది!

నేను మావాడి వంక చూశాను. వాడు గోడమీది క్యాలెండరు చూస్తున్నాడు.

“అల్లా అని నేరమంతా వాటిమీదికి తోసెయ్యకండి. వాటికి మనం ఏం పెడుతున్నామన్నది కూడా చూడాలి” అన్నారు డాక్టరుగారు. ఉల్లి, వెల్లుల్లి వగైరాల్లో మనం అరిగించుకోలేని ఒకరకం పీచు ఉంటుంది. మనకు అరగనిది వాటికి విందు. దాన్ని పులియబెట్టి అవి తయారుచేసే ఆమ్లాల్లో బ్యుటిరేట్ అనేది పేగు గోడకే ఆహారం. ఇల్లాంటి పీచుకు 1995లో గిబ్సన్, రోబర్‌ఫ్రాయిడ్ అనే ఇద్దరు శాస్త్రజ్ఞులు ప్రీబయోటిక్ అని పేరుపెట్టారు. ఇక నేరేడుపండు ఊదారంగూ, ఉసిరికాయ వగరూ, తేనీటి వగరూ పాలీఫినాల్స్ మహిమ. అవి చాలావరకు పైన ఇంకకుండా పెద్దపేగుదాకా దిగుతాయి. అక్కడ ఈ చుట్టాలే వాటిని విడగొట్టి మనకు అందిస్తాయి.

నాకు ఉత్సాహం ఎక్కువ. ఆ సాయంత్రమే పీచుపొడి డబ్బా ఒకటి కొని, వాడికి తోడుగా నేనూ రోజుకు మూడేసి చెంచాలు మొదలుపెట్టాను. నాలుగోనాడు మా మేనకోడలి పెళ్లి. సన్నాయి ఆగినప్పుడల్లా మా ఇద్దరి పొట్టలే కచేరీ సాగించాయి! పీచు వారాల తరబడి కొద్దికొద్దిగా పెంచాలని తర్వాత తెలిసింది. అయితే ఎనిమిది నెలల తర్వాత వాడు నాతో కలిసి నవ్వింది ఆ పెళ్లిపందిట్లోనే.

మా అమ్మ ఇదంతా విని, “ఒరేయ్, దూటకూర మోటు అని మానేసింది మీరే కదరా” అంది. డబ్బా అటకెక్కింది. అరటిదూట, ఉలవలు, గోంగూర ఇంటికి తిరిగివచ్చాయి. ప్రొద్దున్న బిస్కెట్ల బదులు చద్దన్నం, మజ్జిగ, ఉల్లిపాయ. అన్నం వండి చల్లార్చితే అందులోని పిండిపదార్థం కొంత అరగని రకంగా మారుతుందట. అదీ ఆ చుట్టాల వాటాయే.

ఆరు నెలల్లో వాడు నాలుగు కిలోలు తగ్గాడు. ఘనతంతా పీచుదే అని నేనంటే డాక్టరుగారు ఒప్పుకోలేదు. మనుషుల మీద జరిపిన పరీక్షల్లో దానివల్ల తగ్గే బరువు స్వల్పమేననీ, సాయంత్రం నడకకూ మానేసిన మిఠాయిలకూ పెద్దవాటా ఇవ్వాలనీ అన్నారు.

మొన్న ఆదివారం వాడు నా పక్కనే కూర్చుని దూటకూర మూడో గరిటె వడ్డించుకున్నాడు. అలవాటుకొద్దీ నా నోరు తెరుచుకుంది. మా ఆవిడ చూసింది. నేను నోరు మూసుకుని కూరగిన్నె వాడివైపు జరిపాను.