నిలిచిన నీరు, పాఱెడి నీరు

విహారమనఁగానే తెలుగువాని మనస్సు చెరువుగట్టు మీఁదికే పోవును. కాకతీయుల నాఁటి పాకాల, రామప్ప, లక్నవరములను చూచి, పడవ యెక్కి, చెట్టునీడను చద్దిమూట విప్పుట మనకు యాత్రయు వినోదమును. ఆ వంశమువాఁడే యగు అన్నమదేవుఁడు, 1323లో ఓరుగల్లు పతనమైన పిమ్మట, గోదావరి దాఁటి బస్తరున రాజ్యము నెలకొల్పెనని ప్రతీతి. ఆతని సంతతివాఁడు దల్పతదేవుని పేరనే జగదల్పూరులో దల్పత్ సాగరమను చెరువు నేఁటికిని వెలయుచున్నది.

ఆ బస్తరులోని బీజాపూరు సీమలోనన్ననో, నీరు గట్టునకు లోఁబడక, ఉసూరు కొండలపై నంబి జలపాతమై దూఁకుచు, 1983లో పులుల సంరక్షణక్షేత్రమైన అరణ్యమును ఇంద్రావతియై ఒరసికొని పాఱుచు, తుదకు భద్రకాళి గ్రామముకడ గోదావరిలోఁ గలియును. ఒకే మ్రాను తొలిచిన దోనెలో నిట్టనిలువుగా నిలిచి, గెడతో అడుగునేలను పొడుచుచు, ఒడ్డునున్న వారితో ఒకమాఱు తెలుగునను ఒకమాఱు అచటి గిరిజనుల భాషయగు దోర్లిలోను పలుకు జాలరిని చూచితిని. ఆతఁడు సుడి యెక్కడనో, ఇసుకమేట యెక్కడనో కన్నెత్తి చూడకయే యెఱుఁగును.

చెరువు మన యిచ్చకొలఁది నిలుచును; నది తన త్రోవనే మనలను నడిపించును. కావున నిచటికి వచ్చు విహారి గుడారముకంటె ముందుగా వినయమును వెంటఁ దెచ్చుకొని, ఏ రేవున దిగవలెనో, ఏ వేళకు మరలవలెనో పల్లెవారి నడిగి తెలిసికొనుట మేలు.